ఎర్రకొండల్లో ఒంటరి నడక: గండికోటా, గుత్తా, ఓర్వకల్లా?

మా అక్క కూతురు బెంగళూరులో ఉద్యోగం చేస్తుంది. దసరాకు ప్రొద్దుటూరు వచ్చినప్పుడు ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. ఎక్కడిదో ఎడారి. ఎరుపు, పసుపు, బూడిద, లేత ఊదా రంగుల్లో చారలు చారలుగా మట్టిగుట్టలు. వాటి మధ్య సన్నటి కాలిబాట. ఆ బాట మీద ఒకే ఒక్క మనిషి.

"చిన్నమ్మా, ఇట్లాంటి చోట నేను ఒక్కదాన్నే పొద్దంతా నడవాల. మన పక్క యాడన్నా ఉందా?" అని అడిగింది.

ఉంది. ఒకటి కాదు, నాలుగైదు ఉన్నాయి. కానీ అన్నీ ఒక్కలాంటివి కావు. నలుగురితో పోతే బాగుండే చోటు ఒంటరిగా పోతే ప్రమాదం కావచ్చు. నేను చాలా ఏళ్లుగా సీమ గుట్టల్లో తిరుగుతున్నాను, అందులో సగం నడకలు ఒంటరివే. ఆ పిల్లకు ఆ రాత్రి మిద్దె మీద కూర్చుని చెప్పినదే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఫోటో సంగతి. ఆ నేలను బ్యాడ్‌ల్యాండ్స్ అంటారు. మెత్తటి బంకమన్ను, ఒండ్రు పొరలు పొరలుగా పేరుకున్న చోట, గడ్డి కూడా నిలవని పొడి వాతావరణంలో, ఎప్పుడో ఒకసారి పడే జోరువాన ఆ మట్టిని కోసుకుంటూ పోతుంది. అలా మిగిలినవే ఆ గుట్టలు, వాటి మధ్య వంకలు. మట్టిలోని ఇనుము ఏ రూపంలో ఉందో దాన్నిబట్టి ఒక పొర ఎర్రగా, ఇంకో పొర పసుపుగా కనిపిస్తుంది. దానికి దగ్గరి పోలిక ఉన్న నేల మన రాష్ట్రంలో చూడాలంటే విశాఖపట్నం, భీమిలి మధ్య ఉన్న ఎర్రమట్టి దిబ్బలకు పోవాలి. అయితే అది సముద్రపు ఒడ్డు, ఎడారి కాదు.

సీమలో ఉన్నది ఎక్కువగా రాయి. రంగు ఉంది, ఎండ ఉంది, కనుచూపు మేర మనిషి లేని నేల ఉంది. కాలి కింద మాత్రం జారే మట్టి బదులు గట్టి బండ ఉంటుంది. ఒంటరిగా నడిచేవాళ్లకు ఇది మేలే. మట్టిగుట్ట అంచు మీద కాలు పెడితే కూలుతుంది, బండ కూలదు. కానీ బండ కాలుతుంది. ఆ సంగతి గుత్తి దగ్గర చెబుతాను.

దేన్నిబట్టి ఎంచుకోవాలి

ఈ కొండల రంగు రోజంతా ఉండదు. పొద్దున సూర్యుడు లేచిన గంటన్నర, సాయంత్రం దిగే ముందు గంటన్నర, అంతే. ఆ వేళల్లో వెలుగు ఏటవాలుగా పడి ఎర్రరాయి నిప్పులా వెలుగుతుంది, ప్రతి పగులూ నీడతో తేలుతుంది. పదకొండు దాటితే అదే కొండ సున్నం కొట్టిన గోడలా వెలిసిపోతుంది. మధ్యాహ్నం పోయి "ఫోటోల్లో చూసినంత ఏమీ లేదే" అని తిరిగొచ్చేవాళ్లను చాలామందిని చూశాను. తప్పు కొండది కాదు, వేళది.

చిక్కు ఏమిటంటే, రంగు ఉండే ఆ రెండు వేళల్లోనే మన పల్లెల్లో బస్సులు, ఆటోలు దొరకవు. నలుగురు కారు వేసుకుని పోతే ఈ బాధ లేదు. ఒంటరిగా పోయేవాళ్లకు అసలు ప్రశ్న ఇదే: తెల్లవారేసరికి అక్కడ ఉండగలమా, పొద్దుగూకాక క్షేమంగా వెనక్కి రాగలమా? ఏ చోటునైనా నేను ముందు ఈ లెక్కతోనే చూస్తాను. అందం ఆ తర్వాత. దూరపు కొండలు నునుపు అన్నారు, దగ్గరికి పోయేది మన కాళ్లే కదా.

దీని తర్వాత చూడాల్సినవి నీడ, నీళ్లు, పిలిస్తే పలికే దూరంలో మనుషులు. సీమలో ఈ మూడూ ఒకచోట దొరకడం అరుదు. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం కలిపి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అదొకటి. దారిలో వాగు తగులుతుందిలే, చెట్టు కింద కూర్చుందాంలే అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు.

గండికోట

గండి అంటే కొండను నది చీల్చుకుపోయిన చోటు. ఎర్రమల కొండలను పెన్న కోసుకుంటూ పోయిన ఆ గండి అంచున కట్టిన కోట కాబట్టి గండికోట. కడప నుంచి 80 కిలోమీటర్లకు పైన, జమ్మలమడుగు నుంచి 15. రైల్లో వచ్చేవాళ్లు జమ్మలమడుగులో గానీ ముద్దనూరులో గానీ దిగవచ్చు.

నా లెక్కలో ఇది మొదటి స్థానం. కారణం లోయ ఒక్కటే కాదు. కోట పక్కనే పర్యాటక శాఖ వారి హరిత హోటల్ ఉంది. రాత్రి అక్కడ పడుకుంటే, తెల్లవారుజామున టార్చి పట్టుకుని నడిచి అంచుకు చేరవచ్చు. సాయంత్రం చీకటి పడ్డాక కూడా నడిచే వెనక్కి రావచ్చు. రంగు వేళ, తిరిగొచ్చే దారి రెండూ కుదిరే చోటు ఈ మూడు జిల్లాల్లో నాకు ఇదొక్కటే కనిపించింది. పైగా కోట లోపల ఊరుంది. పొద్దున్నే గేదెలు తోలుకుపోయేవాళ్లు, పొయ్యి వెలిగించేవాళ్లు కనిపిస్తారు. ఒంటరిగా ఉన్నట్టే ఉంటుంది, అనాథగా ఉన్నట్టు ఉండదు.

కోటంతా చూడటానికి సగం రోజు పడుతుంది. పెమ్మసాని నాయకులు ఏలిన చోటు ఇది. 17వ శతాబ్దం నడుమ గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి పోయింది. జామియా మసీదు, మాధవరాయ స్వామి గుడి, ధాన్యాగారం, జైలు, పావురాల గోపురం, కత్తుల కోనేరు అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి. వీటిని ఎండ వేళకు అట్టిపెట్టుకోండి. ధాన్యాగారం లోపల మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. నేను అక్కడే గోడకు ఆనుకుని రొట్టె తిని ఒక గంట కూర్చుంటాను.

పొద్దున, సాయంత్రం మాత్రం లోయకే. సుమారు 300 అడుగుల లోతు, అడుగున పెన్న. రెండు పక్కలా గోడలు పేర్చినట్టు ఎర్ర బండలు, ఎవరో కూర్చుని చెక్కి సర్దినంత తీరుగా. పై అంచున ఇటుక ఎరుపు, కింద తుప్పు రంగు, వాన నీరు జారిన చోట నల్లటి చారలు, నీడ పక్కన బూడిద పచ్చ మచ్చలు. వాన వెలిసిన మర్నాడు పోతే ఆ ఎరుపు ఇంకా ముదురుతుంది.

ఇక్కడ ఒక పని చేయండి. లోయను చూసింది చాలు అనిపించాక, కాళ్ల కింద చూడండి. అంచు దగ్గర కొన్ని బండల మీద అలలు అలలుగా సన్నటి గీతలుంటాయి. వేలు పెట్టి తడిమితే ఒక్కో గీతా తెలుస్తుంది, ఒక పక్క ఏటవాలు, ఇంకో పక్క కాస్త నిటారు. పెన్నలో నీళ్లు తీసిన మర్నాడు ఇసుక మీద ఉండే గీతలే అవి. ఈ రాయి ఒకప్పుడు లోతులేని సముద్రం అడుగున ఇసుక. అది గట్టిపడి రాయై నూరు కోట్ల ఏళ్లు దాటింది. భూగర్భ శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరే గండికోట క్వార్ట్‌జైట్. నేను మొదటిసారి ఆ గీతల మీద అరచెయ్యి పెట్టినప్పుడు చాలాసేపు తీయలేకపోయాను. పక్కన మనిషి ఉంటే ఆ పావుగంట దొరికేది కాదు. ఒంటరిగా నడవడం ఎందుకని ఎవరైనా అడిగితే నాకు గుర్తొచ్చేది ఆ బండే.

జాగ్రత్తలు కూడా ఇక్కడివే ఎక్కువ. చాలా చోట్ల అంచుకు కంచె లేదు. బండకూ బండకూ మధ్య అడుగు, అడుగున్నర సందులుంటాయి, దూకి దాటాలనిపిస్తుంది. ఒంటరిగా ఉన్నప్పుడు దూకకండి, చుట్టూ తిరిగి రండి. సెల్ఫీ కోసం లోయకు వీపు పెట్టి నిలబడకండి. కిందికి నది దాకా దిగే దారి ఉందని ఎవరో ఒకరు చెబుతారు. ఊరి మనిషి తోడు లేకుండా ఆ దారి పట్టకండి, కాలు మడతపడితే పైనుంచి ఎవరికీ కనపడరు. శని, ఆదివారాల్లో జనం ఎక్కువ, పాటలు పెట్టుకునేవాళ్లూ ఎక్కువ. నిశ్శబ్దం కావాలంటే మంగళవారమో బుధవారమో పోండి.

నా మొదటి ఒంటరి నడక ఇక్కడే. అప్పుడు గది తీసుకోలేదు. జమ్మలమడుగు నుంచి ఆటోలో పోయి, సాయంత్రం ఐదున్నరకు వచ్చి తీసుకుపొమ్మని మాట్లాడుకున్నాను. ఐదున్నర అయింది, ఆరు అయింది, ఆటో రాలేదు. ఫోన్ చేస్తే వేరే బాడుగ తగిలిందన్నాడు. చీకటి పడుతోంది. టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయాయి. ఊళ్లో ఒక ఇంటి అరుగు మీద కూర్చున్న అవ్వ నన్ను చూసి, "ఏమ్మా, పొద్దు బొయినంక ఒక్కదానివే యాడికి పోతావు? ఇట్ల కూసో" అని పిలిచి మజ్జిగ ఇచ్చింది. వాళ్ల కొడుకు బండి మీద జమ్మలమడుగు బస్టాండులో దింపాడు. పెట్రోలుకని డబ్బులిస్తే తీసుకోలేదు. వాళ్ల మంచితనం వల్ల ఆ రోజు గడిచింది, కానీ మన ఏర్పాటు ఇంకొకరి మంచితనం మీద ఆధారపడకూడదు. గది దొరక్కపోతే తేదీ మార్చుకోండి. అంతేగానీ సాయంత్రానికి ఆటోను నమ్ముకుని పోవద్దు.

గుత్తి కోట

గండికోటలో లోయ అంచున నిలబడి కిందికి చూస్తాం. గుత్తిలో కొండ ఎక్కి చుట్టూ చూస్తాం. కాళ్లలో సత్తువ ఉండి, చెమటోడ్చి ఎక్కితేగానీ తృప్తి లేని మనిషైతే గుత్తే మేలు.

మైదానం మీద సుమారు 300 మీటర్ల ఎత్తు లేచిన గ్రానైటు కొండ. ఒక కోట దాటితే ఇంకో కోట, మొత్తం 15 ప్రధాన ద్వారాలు. పైన మరాఠా సేనాని మురారిరావు కూర్చునేవాడని చెప్పుకునే చిన్న మండపం ఒకటి, కొండ అంచునే ఉంటుంది. అక్కడ కూర్చుంటే గుత్తి ఊరు, రైలు పట్టాలు, ఆ వెనక ఎర్రచేలు, నల్లరేగళ్లు పంచెల్లా పరిచినట్టు కనిపిస్తాయి. ఇక్కడ రంగు రాతిలో కంటే నేలలో ఉంది. దుక్కి దున్నిన రోజుల్లో పోతే ఒక చేను కుంకుమలా, పక్క చేను బొగ్గులా ఉంటుంది. కొండ రాయి మటుకు బూడిద రంగే, అక్కడక్కడ గులాబీ.

రాకపోకల విషయంలో గుత్తిని మించింది లేదు. పెద్ద రైల్వే జంక్షన్, అనంతపురం నుంచి 50 కిలోమీటర్ల పైచిలుకు, హైవే పక్కన ఊరు. కోట ఊరికి ఆనుకునే ఉంది. రాత్రి రైల్లో దిగి, తెల్లవారగానే ఎక్కడం మొదలుపెట్టి, మధ్యాహ్నానికి మళ్లీ రైలెక్కేయవచ్చు. పొద్దుటి వెలుగు వరకు లెక్క చక్కగా కుదురుతుంది. సాయంత్రానికి కుదరదు. చీకట్లో ఆ మెట్లు, ముళ్లకంప, పాడుబడ్డ గోడల మధ్య దిగడం ఒంటరి మనిషికి మంచిది కాదు.

బండ కాలుతుందని అన్నాను కదా. ఒక ఫిబ్రవరి చివర్లో నేను గుత్తి ఎక్కాను. ఎండాకాలం ఇంకా రాలేదులే అనుకుని లీటరు బాటిల్ ఒక్కటే పెట్టుకున్నాను, బయల్దేరేసరికి ఎనిమిదైంది. ఎక్కేటప్పుడు బండ చల్లగానే ఉంది. పదకొండుకు దిగుదామని కూర్చున్న చోటినుంచి చెయ్యి ఆనించి లేవబోతే పెనం ముట్టుకున్నట్టు చురుక్కుమంది. కింద నుంచి వేడి, పైనుంచి వేడి, నీడనిచ్చే చెట్టు లేదు. నీళ్లు సగం దారిలోనే అయిపోయాయి. పైన పాత బావులు, నీటి తొట్లు ఉన్నాయి గానీ ఆ నీళ్లు తాగేవి కావు. మూడో ద్వారం దగ్గరికి వచ్చేసరికి కళ్ల ముందు మెరుపులు, నాలుక పిడచగట్టుకుపోయింది. గోడ నీడలో కూలబడ్డాను. పైకి వస్తున్న ఇద్దరు కాలేజీ పిల్లలు, "అక్కా, నీళ్లు తాగండి" అని వాళ్ల బాటిల్ ఇచ్చారు. ఆ రోజు నుంచి గుత్తికి మూడు లీటర్లు, ఉప్పు చక్కెర పొట్లం లేకుండా పోలేదు. సూర్యోదయానికి మొదటి ద్వారం దగ్గర ఉండాలి, తొమ్మిదిన్నరకు దిగడం మొదలుపెట్టాలి. దీన్ని సలహాగా కాక నియమంగా తీసుకోండి.

కొండ దిగాక టైముంటే పత్తికొండ దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు చూడండి. చిన్న గుట్ట, పెద్ద బండరాళ్లు, వాటి మీద బ్రాహ్మీ అక్షరాలు. ఎక్కడం పది నిమిషాల పని. ఆ పక్కనే జొన్నగిరి, తుగ్గలి. తొలకరి పడగానే ఆ ఎర్రచేలల్లో వజ్రాల కోసం జనం వంగి వెతుకుతుంటారు. జూన్‌లో అటు పోతే ఆ దృశ్యం కూడా చూడవచ్చు.

ఓర్వకల్లు

కర్నూలు నుంచి నంద్యాల పోయే హైవే మీద 20 కిలోమీటర్ల పైచిలుకు పోతే రోడ్డు పక్కనే రాక్ గార్డెన్. సిలికా, క్వార్ట్‌జ్ నిండిన పెద్ద పెద్ద రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి, మధ్యలో నీటి గుంట, చుట్టూ కాలిబాట, మెట్లు. పర్యాటక శాఖ చూసుకుంటుంది, టికెట్ ఉంటుంది, తినడానికి దొరుకుతుంది. బస్సు దిగితే నడిచిపోయే దూరం.

ఒంటరిగా ఎప్పుడూ ఎక్కడికీ పోనివాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. దారి తప్పే వీలు లేదు, హైవే హారన్లు వినిపిస్తూనే ఉంటాయి, ఎవరో ఒకరు కనిపిస్తూనే ఉంటారు. గంటన్నరలో ఒక చుట్టు అయిపోతుంది. ఒంటరితనం మనకు పడుతుందా, ఫోన్ చూడకుండా ఒక బండ మీద అరగంట కూర్చోగలమా అని తెలుసుకోవడానికి ఆ చుట్టు చాలు.

లోటు కూడా అదే. పొద్దంతా నడవాలనుకున్నవాళ్లకు ఇది సరిపోదు. గేటు వేళలకు లోబడాలి కాబట్టి తెల్లవారుజాము వెలుగు దొరకదు. నవంబరు నుంచి జనవరి దాకా పొద్దు త్వరగా వాలుతుంది కాబట్టి మధ్యాహ్నం మూడున్నరకు పోతే కాస్త రంగు చూడవచ్చు. ఓర్వకల్లు దగ్గరే కేతవరం ఉంది, ఆదిమానవులు రాళ్ల మీద వేసిన బొమ్మలు అక్కడున్నాయి. అక్కడికి మాత్రం ఊళ్లో ఒకరిని తోడు తీసుకునే పోవాలి.

దర్గా హొన్నూరు ఇసుక దిబ్బలు

"రాళ్లు కాదు, నిజమైన ఎడారి కావాల" అంటుంది మా పిల్ల. అదీ ఉంది, అనంతపురం జిల్లా పడమటి అంచున, రాయదుర్గం దాటి, బొమ్మనహాళ్ మండలంలో. వేదవతి నదిని అక్కడివాళ్లు హగరి అంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉంటుంది. ఆషాఢం గాలి లేచినప్పుడు ఏటి ఇసుక ఎగిరొచ్చి దర్గా హొన్నూరు, ఆ చుట్టుపక్కల పొలాల మీద దిబ్బలుగా పడుతుంది. గాలికి దిబ్బ కదులుతుంది, చేను మీద నుంచి ఇంకో చేను మీదికి.

పొద్దున్నే పోతే ఆ ఇసుక మీద గీతలు కనిపిస్తాయి. గండికోట బండ మీద తడిమి చూసిన గీతలే, కాకపోతే అవి నూరు కోట్ల ఏళ్ల కింద నీళ్లు గీసినవి, ఇవి నిన్న రాత్రి గాలి గీసినవి. రెండూ చూసినవాళ్లకు ఆ పోలిక జన్మంతా గుర్తుంటుంది. అందుకే ఇంత దూరమైనా దీన్ని ఈ జాబితాలో చేర్చాను.

అయినా మొదటి నడకకు దీన్ని ఎంచుకోకండి. బసకు రాయదుర్గమో బళ్లారో పోవాల్సిందే, తెల్లవారేసరికి దిబ్బల దగ్గరికి సొంత బండి లేకుండా చేరలేరు. ఇసుకలో కిలోమీటరు నడిస్తే రోడ్డు మీద మూడు కిలోమీటర్లు నడిచినంత అలసట. గాలి కాలంలో కళ్లు తెరవనివ్వదు. రాయదుర్గం పక్క గుట్టల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, తెల్లవారుజామున ఊరికి దూరంగా ఒంటరిగా నడవడం సరి కాదు. డిసెంబరు, జనవరిలో, బండి నడపడం బాగా వచ్చినవాళ్లు, ఊళ్లో చెప్పి పోయేవాళ్లు, ఏడు దాటాక పోయిరావచ్చు.

ఇంకో మాట. మనకు ఫోటోగా కనిపించే ఆ దిబ్బ కింద ఒక రైతు చేను ఉంది. ఏటా ఇసుక తోడి పారబోసుకుంటూ సాగు చేసే కుటుంబాలు అక్కడున్నాయి. గట్లు తొక్కకండి, పైరు పక్కన బండి ఆపకండి. అక్కడి మనుషులు మాట్లాడితే ఓపికగా వినండి. ఆ ఊరి పెద్దాయన ఒకరు మోకాలి దాకా ఇసుకలో నిలబడి, "ఈడ మా నాయన సెనిక్కాయ పండించినాడమ్మా" అని చెప్పారు. ఆ తర్వాత నాకు ఫోటో తీయబుద్ధి కాలేదు.

మిగతావి క్లుప్తంగా

బనగానపల్లె దగ్గర యాగంటి: ఎర్రటి కొండ కింద ఉమామహేశ్వర స్వామి గుడి, కోనేరు, మెట్లెక్కితే గుహలు. ఇది కొండ నడక కంటే గుడి ప్రయాణం అనుకోండి. నీళ్లు, నీడ, మనుషులు మూడూ ఉన్నాయి. అమ్మానాన్న ఒప్పుకోవడం లేదంటే యాగంటి పేరు చెప్పి మొదలుపెట్టవచ్చు.

బెలుం గుహలు: 3,229 మీటర్ల పొడవు, 2002 నుంచి జనానికి తెరిచారు. చూడాల్సినవే, కానీ రంగుల కొండ కోసం వచ్చినవాళ్లకు భూమి లోపల పనేముంది? గండికోటకు పోతూనో వస్తూనో మండుటెండ వేళ దూరండి. లోపల ఉక్కపోత ఉంటుంది, ఎండ మటుకు తగలదు.

బేతంచెర్ల చుట్టుపక్కల పసుపు మన్ను, తెల్ల మన్ను, ఊదా రంగు పలకరాయి చూస్తే మా పిల్ల చూపించిన ఫోటోకు రంగులో అన్నిటికంటే దగ్గర అనిపిస్తుంది. కానీ అవి గనుల ప్రాంతాలు. పాత గుంతలు, కూలే అంచులు, లారీలు, లీజు భూములు. ఒంటరిగా వద్దు. నల్లమల కూడా వద్దు. అది పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు.

మీకు ఏది

జీవితంలో ఒక్కసారి కూడా ఒంటరిగా తిరగలేదంటే ఓర్వకల్లు, ఒక మధ్యాహ్నం. అది నచ్చితే నెల తిరక్కముందే గండికోట, రెండు రాత్రులు. ఒక రాత్రి సరిపోదు. మొదటి సాయంత్రం అలవాటు పడటానికే పోతుంది, అసలు రంగు రెండో పొద్దున కంటికి కనబడుతుంది. ఒకే రోజు సెలవుంది, రైలు తప్ప వేరే దారి లేదు, కాళ్లు గట్టివి అంటే గుత్తి. ఈ మూడూ అయ్యాకే హొన్నూరు.

మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు గుత్తి మానుకోండి, ఎక్కడం కంటే దిగడమే ఎక్కువ బాధ. ఎత్తు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు గండికోటలో అంచు జోలికి పోకుండా మాధవరాయ స్వామి గుడి పక్క నుంచి కొండల్ని చూసినా రంగు తక్కువేమీ కాదు.

నెలల సంగతి: నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా నాకు ఇష్టమైన కాలం. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం వానలుంటాయి, రాయి తడిసి రంగు అద్భుతంగా ఉంటుంది గానీ బండ జారుతుంది. సీతాఫలాల కాలం కూడా అదే, దారిలో గంపల్లో అమ్ముతుంటారు. మార్చి నుంచి జూన్ మొదలు దాకా ఒంటరి నడక పెట్టుకోకండి, ఏ చోటికైనా సరే.

సంచిలో ఏం ఉండాలి? సగం రోజుకు మూడు లీటర్ల నీళ్లు. జొన్నరొట్టె, చెనిక్కాయల పొడి, బొరుగులు, ఇవి ఎండకు చెడవు. పొద్దున్నే కర్నూలులోనో గుత్తిలోనో బయల్దేరితే ఉగ్గాని, బజ్జి తినే బయల్దేరండి, ఖాళీ కడుపుతో ఎండలోకి పోవద్దు. పొడుగు చేతుల కాటన్ చొక్కా, తలకు తువ్వాలు, మడమ కప్పే బూట్లు. చెప్పులు వద్దు, తుమ్మముల్లు వాటి అడుగులోంచి కూడా దిగుతుంది. టార్చి, విజిల్, పవర్ బ్యాంక్. మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, గుట్టల వెనక సిగ్నల్ పోతుంది. 112, 108 నంబర్లు ఎలాగూ గుర్తుంటాయి, వాటితో పాటు బస చేసిన చోటి నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. కొండ అంచున పెద్ద తేనెపట్టు కనిపిస్తే సెంటు, పొగ, కేకలు ఏవీ లేకుండా నెమ్మదిగా పక్కకు తప్పుకోండి. కోతులకు కనిపించేలా తిండి పట్టుకోకండి.

ఆడపిల్లలు ఒంటరిగా పోవడం గురించి చాలామంది అడుగుతారు. నా అనుభవంలో ఊరి మనుషులు అడిగే ప్రశ్నల్లో అనుమానం కంటే ఆదుర్దా ఎక్కువ. "ఒక్కదానివే వచ్చినావా" అంటే "అవునవ్వా, సాయంత్రం హోటల్‌కు పోతా, నా కోసం చూస్తుంటారు" అని నవ్వుతూ చెబితే చాలు. రోడ్డు మీద కలిసిన మగవాళ్లకు మాత్రం బస ఎక్కడో, ఒంటరిగా ఉన్నామో లేదో చెప్పాల్సిన పని లేదు. మనసు ఏదో సరిగా లేదంటే వెనక్కి తిరగండి. కొండ ఎక్కడికీ పోదు.

మా పిల్ల గండికోటే ఎంచుకుంది. డిసెంబరు రెండో వారంలో మంగళ, బుధవారాలకు గది తీసుకుంది. వాళ్లమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. అందుకని ఒక ఏర్పాటు చేశాం: పొద్దున అంచుకు బయల్దేరే ముందు ఒక మెసేజ్, గదికి తిరిగొచ్చాక ఒక మెసేజ్, రెండూ నాకే. తొమ్మిదిన్నర దాటినా రెండోది రాకపోతే హోటల్‌కు ఫోన్ చేస్తాను, పదింటికి బండి తీస్తాను. ప్రొద్దుటూరు నుంచి గంట దారి.